కులసుం ఆపా నెంబరు

జహీరాబాద్‌లో అల్లం లేని ఇల్లు ఉండదు గానీ, మా పక్కింటి కులసుం ఆపా చేసే అల్లం తొక్కు లాంటిది ఇంకో ఇంట్లో దొరకదు. పక్కింటిదాన్ని కాబట్టి అంటున్నానని అనుకోవద్దు. హైవే మీద ఆగే లారీ డ్రైవర్లు, షోలాపూర్ వాళ్ళు, పుణె వాళ్ళు, ఆమె పేరు తెలియకపోయినా "ఆ అల్లం చట్నీ ఉన్నదా" అని హోటళ్ళలో అడిగి మరీ తీసుకుపోతారు.

ఆపా అంటే అక్క, గల్లీలో అందరం అలాగే పిలుస్తాం. ఆమె పుట్టింది రాయికోడ్‌లో. తండ్రి సంతల్లో గాజులు అమ్మేవాడు. ఉర్దూ బడిలో నాలుగో తరగతి వరకు చదివింది. పదిహేడేళ్ళకే ఇస్హాక్ భాయ్‌ని చేసుకుని మా గల్లీకి వచ్చింది. ఇస్హాక్ భాయ్ హైవే పక్కన లారీ సీట్లు కుట్టేవాడు. ఆరేళ్ళ కింద ఆయన నడుము పట్టేసి, వంగి పని చేయడం కుదరక ఇంట్లో కూర్చున్నాడు. ఆ నెలలోనే ఆపా తొక్కు డబ్బాలు సంచిలో వేసుకుని హైవే హోటళ్ళ వెంట నడవడం మొదలుపెట్టింది. ఎవరి ముందూ ఏడవలేదు. ఒక హోటలు వాడు ముందుగా డబ్బులిచ్చి ఆదుకుంటానంటే, "తొక్కు తిని ఇయ్యి, నన్ను చూసి ఇయ్యకు" అని వచ్చేసిందట.

ఆమె పని తీరు చూడాలి. అల్లం నల్లమట్టితో వస్తుంది. మూడు నీళ్ళలో కడుగుతుంది. చెంచా అంచుతో చెక్కు తీస్తుంది, కత్తి పెట్టదు. కత్తి పెడితే చెక్కు కింద ఉన్న ఘాటు పోతుందంటుంది. తర్వాత నీడలో గుడ్డ మీద ఆరబెట్టి, ముక్క విరిచి పెదవికి తాకించి చూస్తుంది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. ఆ రోజు రుబ్బదు, ఎవరు తొందరపెట్టినా రుబ్బదు. చింతపండు, బెల్లం, మిరప్పొడి, ఎల్లిపాయ అన్నీ కలిశాక అరచేతి మీద కొంచెం వేసుకుని నాకి చూసి, ఆ చేయి కడుక్కుని వస్తేనే మళ్ళీ గిన్నె ముట్టుకుంటుంది. ఆమె తొక్కు ఆరు నెలలైనా రంగు మారదు.

రెండేళ్ళ కింద బస్టాండు దగ్గర పెద్ద కిరాణా దుకాణం నడిపే శివశంకర్ ఆమెకు ఒక మాట చెప్పాడు.

"ఆపా, నీ తొక్కు మా ఇంట్ల నేనే తింట. కానీ దుకాణంల పెట్టాలంటే డబ్బా మీద సర్కారు నెంబర్ ఉండాలె. తినేవాటికి గా నెంబర్ లేకుంటే ముందుగాల నన్ను అడుగుతరు, తర్వాత నిన్ను అడుగుతరు."

ఇంటికొచ్చి చెబితే ఇస్హాక్ భాయ్ నవ్వాడు. "తొక్కుకు గూడ ఆధార్ కార్డా? ఫోటో దించుకోవాలంటే ముందు దానికి తల దువ్వుకోమని చెప్పు."

"నవ్వుడు మంచిగనే ఉన్నది. లే, కరెంటు బిల్లు యాడున్నదో దేవులాడు" అంది ఆపా.

నేను, ఆమె కలిసి రితేష్ నడిపే ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాం. ఇంట్లో వండి అమ్మే చిన్నవాళ్ళకు పెద్ద లైసెన్సు అక్కరలేదనీ, రిజిస్ట్రేషన్ చాలనీ, ఏడాదికి వంద రూపాయలనీ అక్కడే తెలిసింది. రితేష్ ఫారం నింపుతూ అడిగాడు.

"ఆపా, పేరేం పెట్టాలె?"

"కులసుం బీ."

"నీ పేరు గాదు, దుకాణం పేరు."

"దుకాణమెక్కడిది? వంటిల్లే ఉన్నది."

"అయితే వంటింటి పేరు చెప్పు."

"వంటింటికి ఎవరన్న పేరు పెడ్తరా బేటా? పిల్లనా అది?"

చివరికి "కులసుం ఇంటి తొక్కు" అని రాశారు. నియమాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. రితేష్ ఒక్కొక్కటీ తెలుగులో చెబుతుంటే ఆపా వేళ్ళు మడుస్తూ విన్నది. చెప్పినవన్నీ చేసింది. ఈగలు రాకుండా కిటికీకి జాలీ కొట్టించింది. మూత ఉన్న చెత్తబుట్ట కొన్నది. నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపింది. ఒంట్లో అంటురోగం లేదని దవాఖానలో కాగితం రాయించుకుంది. పేపర్లో చుట్టి ఇవ్వడం ఆ రోజుతో బంద్. డబ్బా మీద ఏమేం వేశామో, ఎంత బరువో, ఎప్పుడు చేశామో, ఎప్పటిదాకా తినొచ్చో, మన అడ్రసు, శాకాహారమని చెప్పే పచ్చ గుర్తు, అన్నీ ఉండాలన్నాడు. అన్నీ పెట్టింది. ఒక్క మాట మాత్రం రితేష్ చదవలేదో, చదివినా మా చెవికెక్కలేదో తెలియదు. ఆ నెంబరు ఏ ఇంటికి ఇచ్చారో ఆ ఇంట్లో వండినదానికే చెల్లుతుంది.

పది పన్నెండు రోజులకు పద్నాలుగు అంకెల నెంబరు వచ్చింది. ఇస్హాక్ భాయ్ ఆ కాగితానికి అద్దం కట్టించి వంటింట్లో తగిలించాడు. ఆపా ఆ పద్నాలుగు అంకెలూ మూడు రోజుల్లో నోటికి నేర్చుకుంది. శివశంకర్ డబ్బాలు తీసుకుంటూ ఊరికే "నెంబరెంత" అంటే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన డబ్బా తిప్పి ఒక్కో అంకె సరిచూసుకుని, చేతులెత్తి దండం పెట్టాడు.

ఇప్పుడు మా గల్లీ సంగతి చెప్పాలి. మా గల్లీలో పదిళ్ళకు ఒకటే బోరు. ఆపా గ్రైండరు నాలుగిళ్ళు తిరుగుతుంది. ఎవరింట్లో పెళ్ళయినా పెద్ద వంట డేగిషా మా ఇంటి నుంచే పోతుంది. ఒకరి దగ్గర ఉన్నది అందరిదీ అనుకోవడం మాకు అలవాటు. కాబట్టి మురుకులు చేసే యాదమ్మ వచ్చి, "ఆపా, నాకు గూడ గా నెంబర్ చేపియ్యరాదు" అని అడిగినప్పుడు ఆపా ఏమాత్రం ఆలోచించలేదు.

"మళ్ళ వేరే ఎందుకు? నాది ఉన్నది గద. రాసుకో."

"ఏమన్న అంటరేమో?"

"ఏమంటరు? మంచిగ చేస్తే ఎవరేమంటరు?"

రితేష్ దగ్గర నెంబరున్న స్టిక్కర్లు పెద్ద షీట్లుగా వేయించి, కత్తెరతో కోసి ఇంటింటికీ పంచింది. అందులో ఒక షీటు నాది.

మా ఆయన శంకరప్ప పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా ఆపా రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఓదార్పు మాటలు చెప్పేది కాదు. గంపెడు అల్లం నా ముందు పెట్టి, "జర చెక్కు తియ్యి, నాకు చేతనైతలేదు" అనేది. ఆమెకు చేతకాకపోవడం ఏమిటి! అయినా నేను తీసేదాన్ని. అలా తీస్తూ తీస్తూ రోజులు గడిచాయి. తర్వాత ఒకనాడు, "నీ పల్లికారం అందరికీ ఇష్టం. చెయ్యి, అమ్ముదం" అని స్టిక్కర్లు నా చేతిలో పెట్టింది.

ఇంట్లో పల్లికాయ మూట ఒకటి ఉంది. ఆయన ఆఖరిసారి ఝరాసంగం పోయినప్పుడు షేరాటోలో కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చింది. ఆ మూట విప్పలేదు. పురుగు పడుతుందేమోనని భయం, విప్పాలంటే ఇంకో భయం. పారేయడం కంటే నలుగురు తింటే మంచిది కదా అనుకుని, అదే విప్పి వేయించి దంచాను. కాయలోనే ఉన్నాయి కదా, ఏమవుతాయనుకున్నాను. అందరు ఆడవాళ్ళలా నేనూ చేసింది రుచి చూసేదాన్నే, కానీ ఆ పల్లీలు మాత్రం నోట్లో పెట్టుకోలేకపోయాను. పాకెట్ మీద దంచిన రోజు తేదీ వేశాను. మూట వయసు అడిగే గడి ఆ స్టిక్కర్ మీద లేదు.

మే నెలలో ఒక పూట ఆపా ఇంట్లో ఇద్దరం అల్లం ఆరబోస్తున్నాం. ఫుడ్ ఆఫీసరమ్మ, ఆమె వెంట ఇంకో ఉద్యోగి వచ్చారు. ఆఫీసరమ్మ చేతిలో ఒక పాకెట్ ఉంది. చూడగానే గుర్తుపట్టాను. దాని మీద తేదీ నా చేతి రాత. నేను ఐదు అంకెను వెనక్కి వాల్చి రాస్తాను.

"కులసుం బీ మీరేనా? ఇది బస్టాండు దగ్గర దుకాణంలో కొన్నారు. చేదెక్కిపోయిందని ఫిర్యాదు వచ్చింది. నెంబరు మీదే ఉంది."

ఆపా పాకెట్ అందుకుంది. విప్పి వాసన చూసింది. ఆ తేదీ వైపు చూసింది. నా వైపు మాత్రం తల తిప్పలేదు.

ఇస్హాక్ భాయ్ మంచం మీద నుంచి లేచాడు. "మేడమ్, గిది మాది కాదు. మేం పల్లీలు ముట్టం. మా ఇంట్ల అల్లం తప్ప ఇంకో వాసనే రాదు. నా మీద గూడ అదే వాసన, చూడున్రి."

ఆఫీసరమ్మకు నవ్వు వచ్చినా ఆపుకుంది. వంటిల్లు అంతా చూసింది. కిటికీ జాలీ చూసింది, నీళ్ళ కాగితం చూసింది, అల్లం ముక్క ముట్టి చూసింది. "ఇల్లు ఇంత శుభ్రంగా పెట్టుకున్నారు. నేననుకునేది, మీ నెంబరు ఎవరో దొంగతనంగా వాడుకుంటున్నారు. అదే అయితే కాగితం మీద రాసివ్వండి. కేసు వాళ్ళ మీద పెడతాం. మీకేం కాదు. లేదంటే మీ రిజిస్ట్రేషన్ రద్దు కావచ్చు."

ఇస్హాక్ భాయ్ వెంటనే, "రాసియ్యి కులసుం" అన్నాడు. ఆ ఇంటికి వచ్చే తిండి, ఆయన నడుము మందులు, అన్నీ ఆ నెంబరు మీదే ఉన్నాయి. రద్దయితే మళ్ళీ హైవే వెంట సంచి మోయాలి, అప్పుడు హోటళ్ళ వాళ్ళు కూడా తీసుకుంటారో లేదో.

ఆపా పాకెట్ కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"దొంగతనం కాదు మేడమ్. నేనే ఇచ్చిన. ఇచ్చినదాన్ని పట్టుకొని దొంగతనం అంటే అబద్ధమైతది."

"ఎవరికిచ్చారు?"

"అడిగినోళ్ళకు."

"పేర్లు చెప్పండి."

"నెంబర్ నాది. ఏం రాసుకుంటరో నా మీద రాసుకోన్రి."

నేను పెద్దవాళ్ళ ముందు నోరు విప్పే మనిషిని కాదు. ఆయన ఉన్నప్పుడు బ్యాంకులో కూడా ఆయనే మాట్లాడేవాడు. కానీ ఆ మాట విన్నాక కూర్చోలేకపోయాను.

"నేను చేసినమ్మా. తారాబాయి నా పేరు. పక్కిల్లే."

ఆపా అప్పుడు నా వైపు తిరిగింది. కోపంగానే తిరిగింది. "నిన్ను ఎవరడిగిన్రే?"

"ఎవరు అడగాలె? నా పల్లీలే గద."

ఆఫీసరమ్మ మా ఎదురుగా కూర్చుంది. అప్పుడు తెలియజెప్పింది. "ఈ నెంబరు మనిషికిచ్చింది కాదమ్మా, గల్లీకిచ్చింది కాదు. ఈ వంటింటికిచ్చింది. రేపు ఎవరైనా తిని జబ్బు పడితే నెంబరు చూసి మేము ఈ ఇంటికి వస్తాం. అసలు తప్పు ఏ ఇంట్లో జరిగిందో దొరకదు. అక్కడ అది అలాగే అమ్ముతూ ఉంటారు. అందుకే ఒక ఇంటికి ఒక నెంబరు."

ఆపా ఈ మాట విని తల ఊపింది. "గిట్ల ఎవరు చెప్పలే మేడమ్. మంచి చేస్తున్న అనుకున్న."

ఆఫీసరమ్మ నోటీసు రాసింది. పదిహేను రోజుల్లో వేరే ఇళ్ళలో చేసిన సరుకంతా దుకాణాల నుంచి వెనక్కి తేవాలి, మిగిలిన స్టిక్కర్లు నాశనం చేయాలి. మళ్ళీ వచ్చి చూస్తుంది. అప్పుడు సరిగా లేకపోతే రద్దే.

ఆపా పదిహేను రోజులు ఆగలేదు. ఆఫీసరమ్మ గడప దాటగానే సంచి తీసింది. ఆ ఎండలో ఇద్దరం ముందు శివశంకర్ దుకాణానికి పోయాం. గిరాకీ బాగా ఉంది. విషయం విని ఆయన పెద్దగా నవ్వాడు.

"సర్కారు నెంబర్‌ను రంజాన్ నాడు షీర్‌ఖుర్మా లెక్క ఇంటింటికి పంచినవా ఆపా?"

"పంచిన. తప్పయింది. నువ్వు మంచిగ నవ్వు. నవ్వుడయినంక ఆ మీది అరల ఉన్న మురుకులు గూడ దించు."

"మురుకులు మంచిగనే ఉన్నయి గద. నా పిల్లలు తింటున్నరు."

"మంచిగున్నా నా వంటింట్ల కాల్చినవి కావు. దించు."

పక్కనున్న ఒకాయన పల్లికారం పాకెట్ అప్పుడే కొని చేతిలో పట్టుకున్నాడు. ఆపా ఆయన దగ్గరికి పోయి, "భయ్యా, గిది వద్దు. దీంట్ల పల్లీలు పాతవి. పైసలు నేనిస్త, ఇటియ్యి" అంది, అందరూ వినేలా. నేను తలొంచుకున్నాను. ఆమె తలొంచుకోలేదు. ఆ రోజు ఏడు దుకాణాలు, నాలుగు హోటళ్ళు తిరిగాం. ప్రతి చోటా అదే మాట, అదే గొంతు. ఎక్కడా తక్కువ చేసి చెప్పలేదు, నా పేరూ చెప్పలేదు.

అసలు గొడవ గల్లీలో అయింది. మురుకుల పాకెట్లన్నీ వెనక్కి రాగానే యాదమ్మ నా ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

"నీ పాత పల్లీలకు మా అందరి పొట్ట కొట్టినవ్ తారక్కా. నా మురుకులేం పాపం చేసినయి?"

ఆపా తన గడపలో నుంచే అంది. "యాదమ్మా, దాన్ని అనకు. నెంబర్ ఇచ్చింది నేను. రేపు నీ నూనె పాడైతే గూడ నా ఇంటికే వస్తరు. నీ ఇంటికి రావాలె గదా? వస్తే భయమా నీకు?"

"నాకేం భయం? నా ఇల్లు అద్దం లెక్క ఉంటది."

"గట్లనా? అయితే రేపు పొద్దుగాల ఆధార్ పట్టుకొని రా. నీ నెంబర్ నీ గోడ మీద పెడుదం."

"గన్ని కాగితాలు నాతోని ఎక్కడైతయి ఆపా?"

"నాతోని అయినయి. నాలుగో తరగతి నేను. నువ్వు ఐదు చదివినవ్."

యాదమ్మ నవ్వకుండా ఉండలేకపోయింది. కోపం అంతటితో పోలేదు గానీ, పొద్దున్నే ఆధార్ పట్టుకుని వచ్చింది.

ఆ రెండు వారాలు ఆపా తన తొక్కు సగమే చేసింది. మిగిలిన పొద్దంతా మా వంటిళ్ళలో ఉంది. ఒకరి కిటికీకి జాలీ కొట్టించింది. ఒకరి పొయ్యి పక్కన ఉన్న చెప్పుల స్టాండు బయట పెట్టించింది. యాదమ్మ నూనెను మూడోసారి కాగబెడుతుంటే మూకుడు దించి, "గిదే నీ అద్దమా?" అంది. రితేష్ సెంటరులో బల్ల మీద మమ్మల్నందరినీ వరుసగా కూర్చోబెట్టి, ఈసారి నియమాలు ఒక్కటి కూడా వదలకుండా చదివించింది. రితేష్ గొంతు తడారిపోయి సోడా తెప్పించుకున్నాడు.

నా ఇంటికి అందరికంటే ఆఖరున వచ్చింది. అరల్లో డబ్బాలన్నీ చూసి మూట దగ్గర ఆగింది. ఇంకా సగం ఉంది.

"శంకరప్ప భాయ్ తెచ్చిన్రని దాచినవ్. నాకెరుక" అంది. "దాచుకుంటే దాచుకో. మనుషుల నోట్లకు మాత్రం పెట్టకు." మూట మూతి బిగించి కట్టి, "నేను గూడ నిన్ను అడగాల్సి ఉండె, పల్లీలు యాడివి అని. అడగలే" అంది.

మరునాడు మేమిద్దరం ఆ మూట షేరాటోలో ఝరాసంగం తీసుకుపోయి, మా మరిది పొలంలో పెంటకుప్పలో కలిపేశాం. వచ్చేటప్పుడు కొత్త పల్లీలు తెచ్చాం. ఆపా నా చేత మొదట తినిపించి, తర్వాతే దంచనిచ్చింది. తిన్నాను. బాగున్నాయి.

ఆఫీసరమ్మ చెప్పిన రోజుకే వచ్చింది. ఆపా వెనక్కి తెచ్చిన పాకెట్లన్నీ ఒక సంచిలో వేసి, ఏ దుకాణం నుంచి ఎన్ని వచ్చాయో యాదమ్మ మనవరాలితో రాయించిన కాగితం దాని మీద పెట్టి చూపించింది. మిగిలిన స్టిక్కర్లు ఆమె ముందే ముక్కలు చేసింది. ఆఫీసరమ్మ రాసుకుంటూ రాసుకుంటూ, మా గల్లీ నుంచి కొత్తగా వచ్చిన దరఖాస్తుల సంగతి తనకు తెలుసన్నట్టు, "ఒక్క గల్లీ నుంచి ఐదు వచ్చాయి" అంది.

"ఇంకొకటి రావాలె మేడమ్. ఆమె ఆధార్‌ల పేరు తప్పున్నది. సరిచేయిస్తున్న."

ఆఫీసరమ్మ కాగితం మీద సంతకం చేసి ఇచ్చింది. నెంబరు ఆపాకే ఉంది. ఇస్హాక్ భాయ్ ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని, నడుము నొప్పి మరిచిపోయి గుమ్మం దాకా సాగనంపాడు. ఆపా మాత్రం, "మేడమ్, తొక్కు తీస్కపోతరా?" అంది. తీసుకోకూడదని ఆమె చెప్పింది. "అయితే దుకాణంల కొనుక్కోన్రి, శివశంకర్ దగ్గర ఉంటది" అంది ఆపా. ఆఫీసరమ్మ అప్పుడు మొదటిసారి పూర్తిగా నవ్వింది.

నా నెంబరు వర్షాలు మొదలైనప్పుడు వచ్చింది. తారాబాయి అని నా పేరు, మా ఇంటి అడ్రసు. సర్కారు కాగితం మీద నా పేరు ఒక్కటే ఉండడం నాకు అదే మొదలు. వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించాను.

మొన్న వెనక గల్లీ నుంచి రుఖయ్యా వచ్చింది. కొత్తగా సేమియా చేసి అమ్మాలని చూస్తోంది. అప్పుడు ఆపా, నేను అల్లం చెక్కు తీస్తున్నాం.

"ఆపా, నీకు నెంబర్ ఉన్నదట. జర నా పాకెట్ల మీద గూడ వేసుకుంట. నీకు పుణ్యముంటది."

ఆపా చేతిలోని అల్లం పక్కన పెట్టింది.

"నెంబర్ ఇయ్యను. కూసో, చాయ్ తాగు. నీ వంటిల్లు యాడున్నది? కరెంటు బిల్లు ఎవరి పేరు మీదున్నది? ఆధార్ తెచ్చినవా?"

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. తారా, చేతులు కడుక్కో. రితేష్ దుకాణం బంద్ చెయ్యకముందే పోదం."